గుడి మెట్ల దాకా తప్పెట

బనగానపల్లె చుట్టుపక్కల తప్పెట ఇంకా బతికున్న క్యాథలిక్ పల్లెల్లో, పండగ తేరు కదిలే ముందు చొప్పమంట వేస్తారు. చలి కాచుకోవడానికి కాదు. మంచుకు మెత్తబడిన తోలు సెగ తగిలి బిగుసుకునేదాకా తప్పెటను మంట మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో ఒక దెబ్బ వేసి చెవి ఒగ్గి వింటారు. తోలు కంగుమంటే మరియమాత స్వరూపం ముందు దరువు మొదలైనట్టే. వీధులన్నీ తిరిగి తేరు గుడి ముందుకు రాగానే ఆ దరువు ఆగిపోతుంది. తప్పెటలను గోడకు ఆనించి, చెప్పులు విడిచి, వాయించినవాళ్లు లోపలికి వెళ్లి నాపరాళ్ల నేల మీద కూర్చుంటారు. లోపల కీబోర్డు అందుకుంటుంది.

ఈ తప్పెట మెట్ల దగ్గరే ఎందుకు ఆగింది? రోమ్ వైపు నుంచి ఒక జవాబు ఉంది. 1903 నవంబరు 22న పదవ పయస్ పాపు సంగీతం మీద ఒక శాసనం చేశారు. గుడిలో గ్రెగోరియన్ గానానికే అగ్రాసనం అన్నారు. పియానోను నిషేధించారు. డోళ్లు, తాళాలు, గంటల వంటి ‘రొద’ వాయిద్యాలూ వద్దన్నారు. ఇటలీ గుళ్లలోకి నాటకశాల సంగీతం చొరబడుతోందన్నది ఆయన బెంగ. ఆ మాటకు అక్కడ అర్థం ఉంది. కానీ డోలూ తాళమూ తీసేస్తే రాయలసీమ పల్లె భజనలో మిగిలేదేమిటి?

అయితే తప్పంతా రోమ్ మీదికి నెట్టడం అన్యాయం. తప్పెట వద్దన్నవాళ్లలో దాన్ని వాయించినవాళ్లే ముందున్నారు. జాతరకు, పెద్దింటి చావుకు, దండోరాకు పిలిచినప్పుడల్లా వెళ్లి కొట్టాల్సిన వెట్టి అది. కోస్తాలో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో చేరిన మాదిగలు ఊరి జాతరలకు డప్పు కొట్టబోమని ఎదురు తిరిగిన సంగతి మిషన్ చరిత్రల్లో ఉంది. వాళ్లకు మతం మారడమంటే ముందు ఆ పుల్లలు కింద పెట్టడం. ఎవడో కొట్టమంటే కొట్టిన వాయిద్యాన్ని కొత్త దేవుడి ముందు మళ్లీ ఎత్తుకోవడానికి మనసు ఒప్పుతుందా! ఈ చిక్కును తలకెత్తుకోకుండా ‘జానపద వాయిద్యాలను ఆదరించాలి’ అని తీర్మానాలు చేసేవాళ్లకు ఆ తోలు బరువు తెలియదనే చెప్పాలి.

సీమలో క్యాథలిక్కుల కథ పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్లతో మొదలైంది. పుంగనూరు, మదిగుబ్బ వంటి చోట్ల వాళ్లు మకాం పెట్టారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లో రాసి పంపిన కూర్దూ పాదిరి ఆ జట్టువాడే. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే పద్యకావ్యంలో క్రీస్తు కథ చెప్పిందీ ఆ శతాబ్దంలోనే. ఆ కావ్యం పండితుల చెవికోసం పుట్టింది. పేటలో ఏ దరువు పలుకుతోందో దానికి పట్టలేదు.

అసలు మార్పు రెండవ వాటికన్ మహాసభతో వచ్చింది. 1963 డిసెంబరులో ఆమోదించిన ఆరాధన శాసనం ప్రజల భాషకు తలుపు తీసింది, మిషన్ దేశాల సొంత సంగీతానికి తగిన చోటివ్వాలంది. 1967 మార్చి 5న వచ్చిన మరో ఉత్తర్వు పాటనంతా గాయక బృందానికే అప్పగించి జనం నోరు మూయించే పద్ధతిని తప్పుపట్టింది. అదే ఏడాది జూన్‌లో నెల్లూరు నుంచి విడిపోయి కర్నూలు మేత్రాసనం ఏర్పడింది. అర్థం తెలియకపోయినా ‘తాంతుం ఎర్గో’ అనే లాటిన్ స్తోత్రాన్ని తప్పు లేకుండా పాడిన తరం, తన పూజలో తన భాష వినడం అలా మొదలైంది. హార్మోనియం, తబలా, చిడతలు వచ్చాయి. రవ్వలకొండ నీడలో బ్రహ్మంగారి తత్వాలు విని పెరిగిన జనానికి, ఒకరు అందిస్తే పదిమంది అందుకునే పాట ఎవరూ నేర్పక్కర్లేదు. 1978లో ‘కరుణామయుడు’ సినిమా వచ్చాక మోదుకూరి జాన్సన్ రాయగా బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట ఆ మతం ఈ మతం అనకుండా మైకులన్నిట్లోనూ మోగింది.

ఇప్పటి సంగతే వింత. 1958లో రోమ్ మరో ఉత్తర్వులో గ్రామఫోను, రేడియో, టేప్ రికార్డర్ వంటి యంత్రాలను ఆరాధనలో వాడరాదని ఖండితంగా చెప్పింది. నేడు పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి దాని మీద పాడటం మామూలైపోయింది. కీబోర్డులో ఒక మీట నొక్కితే రిథమ్, ఇంకోటి నొక్కితే వయొలిన్లు. ప్యాడ్ తెస్తే అందులో డప్పు శబ్దమూ ఉంది, సెగ పెట్టే పని లేదు! పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల చెవికి స్టూడియో మెరుపు అలవాటైంది, గుడిలోనూ అదే కావాలంటారు. కాకపోతే ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. రెండో చరణం దగ్గర శ్రుతి అందక ముసలమ్మలు ఒక్కొక్కరే గొంతు దించేస్తారు. 1967 ఉత్తర్వు వద్దన్నది ఇలాంటి మౌనాన్నే.

నంద్యాల దగ్గరి పోలూరులో పుట్టి, 2008 నుంచి పన్నెండేళ్లు కర్నూలు మేత్రాణులుగా ఉన్న పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో ప్రపంచంలోనే తొలి కార్డినల్. 2025 మే 7న కొత్త పాపును ఎన్నుకోవడానికి సిస్టీన్ చాపెల్‌లోకి లాటిన్ స్తోత్రాల మధ్య నడిచి వెళ్లినవారిలో ఆయన ఒకరు. పోలూరు మనిషి అంత దూరం, అంత లోపలికి వెళ్లారు.

తప్పెట ఇంకా అంత లోపలికి రాలేదు. రానిచ్చిన చోట కానుకల ఊరేగింపు వేళ రానిస్తారు, ఒక పాట సేపు. బియ్యం, పండ్లు, కొవ్వొత్తులు పట్టుకుని జనం నడుస్తుంటే దరువు వాళ్ల అడుగును బట్టి నెమ్మదిస్తుంది, మళ్లీ ఊపందుకుంటుంది. కీబోర్డు కుర్రాడు ఒకటి రెండు మీటలు నొక్కి చూస్తాడు. ఏదీ కలవదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.