ముందు ఆసరా, తర్వాతే ఆశ: పిల్లల కాలేజీ ఎంపికపై ఒక మాట

ప్రతి ఏడూ పన్నెండో తరగతి, సీఈటీ ఫలితాలు వచ్చే రోజుల్లో మన బస్తీల్లో ఒకటే చర్చ. సోలాపూర్ తూర్పు భాగంలో చూసినా, భివండీ సాంచెల గల్లీల్లో చూసినా, ముంబయిలో పాత మిల్లు చాళ్లలో చూసినా అదే ప్రశ్న: "కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు ఎక్కడ దొరుకుతుంది? ఎంత అడుగుతున్నారు?" పిల్లల చదువు కోసం కార్మికుడు ఇంతగా ఆరాటపడటం మాకు గర్వకారణమే. కాని ఈ ఆరాటాన్ని సొమ్ము చేసుకునేవారు ఆ గల్లీ చివరే కాచుకుని ఉన్నారు. అందుకే ఈ సంచికలో మజూరీ, బోనస్ సంగతులు కాస్త పక్కన పెట్టి ఈ విషయం రాస్తున్నాం.

మన పిల్లలు మగ్గం దగ్గరికే రావాలని మనలో ఎవరూ కోరుకోవడం లేదు. అందుకు కారణాలు మన చరిత్రలోనే ఉన్నాయి. 1982 జనవరి 18న మొదలైన ముంబయి మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తర్వాత ఎన్ని మిల్లులు మూతపడ్డాయో, వాటి స్థలాల్లో ఏం లేచాయో అందరూ చూసిందే. 1877లో పుట్టిన సోలాపూర్ పాత మిల్లు కూడా నేడు జ్ఞాపకమే. మిల్లు పోయాక సాంచెల మీద పడ్డాం. అక్కడ పన్నెండు గంటల పాళీ, పీసు లెక్కన పగారు, మస్టర్‌లో పేరుండదు. ఇలాంటి ఇంటి నుంచి ఒక పిల్లవాడు ఇంజనీరు అయితే ఆ ఇల్లంతా నిలబడుతుంది. అదే పిల్లవాడి సీటు కోసం చేసిన అప్పు తీరక రెండో ఏట చదువు ఆగిపోతే, ఇల్లంతా కుంగిపోతుంది. కాలేజీ ఎంపిక కార్మిక కుటుంబానికి ఇంత పెద్ద విషయం.

కనుక మేము చెప్పే మొదటి మాట ఇది. ఆశపడే కాలేజీ గురించి ఆలోచించే ముందు ఆసరా కాలేజీ ఏదో తేల్చుకోండి. ఆసరా కాలేజీ అంటే నాసిరకం కాలేజీ కాదు. దానికి మూడు పరీక్షలున్నాయి. ఒకటి, మన బిడ్డకు వచ్చిన మార్కులకు అక్కడ సీటు తప్పక దొరకాలి. రెండు, నాలుగేళ్ల ఖర్చు మన చేతికి అందాలి. మూడు, అక్కడ చదివిన పిల్లవాడికి పని దొరకాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అది ఆసరా కాదు. సీటు గ్యారంటీ ఉండి ఫీజు కట్టలేని కాలేజీని ఆసరా అనుకోవడం మనవాళ్లలో తరచు జరిగే పొరపాటు.

మొదటి పరీక్షకు లెక్క ఇది. క్యాప్ రౌండ్లలో ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ వర్గానికి ఎంత పర్సంటైల్ దగ్గర సీట్లు ఆగిపోయాయో సీఈటీ సెల్ ప్రకటిస్తుంది. గడచిన రెండు మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మన పిల్లకు 82 పర్సంటైల్ వచ్చిందనుకుందాం. ఒక కాలేజీలో కంప్యూటర్ సీట్లు ఒక ఏడు 80 దగ్గర, మరో ఏడు 84 దగ్గర ఆగితే అది అదృష్టం మీద ఆధారపడిన సీటు. మూడేళ్లూ 70 లోపే ఆగితే అది ఆసరా. అలాంటివి కనీసం రెండు మూడు జాబితాలో ఉండాలి.

జాబితాలో వరస కూడా ముఖ్యమే. పైన మనసుకు నచ్చినవి, కింద ఆసరావి పెట్టాలి. పెద్ద కాలేజీని పైన రాసినందువల్ల కిందిదాంట్లో సీటు పోతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. పైది దొరక్కపోతే యంత్రం కిందిదాన్ని చూస్తుంది, అంతే. కాని ఇంకో సంగతి గమనించాలి. 2025 ప్రవేశాల్లో నాలుగు రౌండ్లు పెట్టారు. మొదటి రౌండులో మొదటి ఎంపిక, రెండో రౌండులో మొదటి మూడింటిలో ఒకటి, మూడో రౌండులో మొదటి ఆరింటిలో ఒకటి దొరికితే అదే ఖాయమన్నారు. అందుచేత ఆసరా కాలేజీని తొందరపడి పైన పెడితే మంచి సీటుకు దారి మనమే మూసుకున్నట్టు. అసలు పెట్టకపోతే, రౌండ్లన్నీ అయ్యాక చేతిలో సీటు లేక మేనేజ్‌మెంట్ గుమ్మం తొక్కాల్సి వస్తుంది. ఏజెంట్లు ఎదురుచూసేది ఆ రోజు కోసమే.

రెండో పరీక్ష డబ్బు. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడవద్దు. డెవలప్‌మెంట్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టలు, మెస్సు, బస్సు, అన్నీ కలిపి నాలుగుతో హెచ్చించాలి. ఏటా 1 లక్షా 20 వేలు అవుతుందంటే నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. ఇంటి నుంచి వెళ్లివచ్చే మామూలు కాలేజీ, దూరాన హాస్టల్లో ఉండి చదివే పేరున్న కాలేజీ కన్నా చాలాసార్లు చవక పడుతుంది. కరాడ్, అవసరి, రత్నగిరి, ఛత్రపతి శంభాజీనగర్ వంటి చోట్ల ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. మార్కులుంటే వాటిని తప్పక రాయాలి. కాని కంప్యూటర్ బ్రాంచికి అక్కడ పోటీ ఎక్కువ. చాలామందికి అవి ఆశ జాబితాలోవే తప్ప ఆసరా కావు.

ట్యూషన్ ఫీజు మాఫీ పథకం సంగతీ అంతే. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి ప్రతి బ్రాంచిలో 5 శాతం అదనపు సీట్లు ఈ పథకం కింద ఉంటాయి. ట్యూషన్ ఫీజు ఉండదు, మిగతా ఫీజులు కట్టాలి. ఈ సీట్లకు కోడు వేరు. దాన్ని విడిగా రాయకపోతే అర్హత ఉన్నా రాదు. మెరిట్ మీదే ఇస్తారు కనుక అదే కాలేజీలోని మామూలు సీటు కన్నా ఇది దొరకడం కష్టం. కాబట్టి పైన రాయండి, ఆసరాగా లెక్కపెట్టకండి.

ఆడపిల్లలున్న ఇళ్లు ఒక విషయం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2024-25 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఓబీసీ, ఎస్‌ఈబీసీ, ఈడబ్ల్యూఎస్ వర్గాల్లో 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల ఆడపిల్లలకు వృత్తి కోర్సుల ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా భరిస్తోంది. అయితే ఇది క్యాప్ ద్వారా చేరినవారికే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఈ హక్కు పోతుంది. "అన్నకు చదువు, చెల్లికి బీడీలు" అనే పాత లెక్క ఇక చెల్లదు. నిజానికి ఈ రోజు ఇంజనీరింగ్ చదువు కొడుకు కన్నా కూతురికే తక్కువ ఖర్చులో అవుతోంది. ఇవి కాక ఏఐసీటీఈ ప్రగతి పథకం కింద ఎంపికైన ఆడపిల్లలకు ఏటా 50 వేలు ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరి వరకు అర్హత ఉంది.

ఇవన్నీ కాగితాల మీద నడిచే హక్కులు. మనలో ఎక్కువమంది పద్మశాలీలు. మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్‌బీసీ వర్గంలో ఉన్నారు. కాని కుల ధ్రువపత్రం కావాలంటే 1967 అక్టోబర్ 13కు ముందు నుంచే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు చూపాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి తాతలు ఎప్పుడో వచ్చారని నోటితో చెబితే చాలదు. తాతగారి స్కూలు దాఖలా, మునిసిపాలిటీలో జనన నమోదు, పాత ఇంటిపన్ను రసీదు, మిల్లు సర్వీసు కాగితాలు, ఏవి ఉన్నా ఇప్పుడే వెతికి జాగ్రత్త చేయండి. పాత దాఖలాలో పేరో కులమో వేరే అక్షరాలతో రాసి ఉంటే సరిచేయించుకోవడానికి సమయం పడుతుంది. ధ్రువపత్రం తర్వాత దాని పడతాళనీ, అంటే వ్యాలిడిటీ, కావాలి. నాన్ క్రీమీలేయర్, ఆదాయ పత్రాలు కావాలి. వ్యాలిడిటీ గడువులోగా ఇవ్వలేకపోతే రిజర్వుడు సీటు చేతి నుంచి జారిపోతుంది. బిడ్డ పదకొండులో చేరిన నాడే ఈ పని మొదలుపెట్టాలి, సీటు వచ్చిన నాడు కాదు.

మూడో పరీక్ష చదువు నాణ్యత. గోడల మీద బోర్డులు చూసి మోసపోవద్దు. ఏఐసీటీఈ అనుమతి ఉందా, మనం చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా చూడండి. అక్కడ మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతున్న పిల్లలను అడగండి: పాఠాలు జరుగుతున్నాయా, ప్రయోగశాలలో యంత్రాలు పనిచేస్తున్నాయా, నిరుడు ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంత జీతానికి వచ్చాయి? కాలేజీ వేసిన కరపత్రం కన్నా ఈ జవాబులు నమ్మదగ్గవి. కంప్యూటర్ బ్రాంచి పేరు కోసం పాఠాలు చెప్పేవారు లేని కాలేజీలో చేరడం కన్నా, మంచి కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లేదా ఎలక్ట్రికల్ చదవడం మేలని మా అభిప్రాయం. పదో తరగతి తర్వాత ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి, నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏట చేరడం మరో దారి. ఖర్చు తక్కువ, మధ్యలో పని దొరికే అవకాశమూ ఉంది. కార్మిక కుటుంబానికి ఇంతకన్నా గట్టి ఆసరా అరుదు.

ఊళ్లోని బంధువులు "హైదరాబాద్ పంపించు, మేం చూసుకుంటాం" అంటారు. వారి ప్రేమను కాదనలేం. కాని అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి స్థానికులకే. ఇక్కడ పుట్టి ఇక్కడ చదివిన బిడ్డ అక్కడ స్థానికుడు కాడు. ఇక్కడి కుల పత్రంతో అక్కడ రిజర్వేషను రాదు. భాష మనదైనా హక్కు ఇక్కడే ఉంది.

డొనేషన్ అడిగేవారికి ఒకటే జవాబు. ఈ రాష్ట్రంలో 1987 నుంచి క్యాపిటేషన్ ఫీజు చట్టరీత్యా నేరం. ప్రైవేటు వృత్తి కాలేజీల ఫీజు నిర్ణయించడానికి 2015 చట్టం కింద ప్రాధికార సంస్థ ఉంది. అది ఆమోదించిన ఫీజు ఎంతో చూసి, అంతకు మించి రూపాయి అడిగినా రసీదు అడగండి.

చివరగా అసలు సంగతి. మహారాష్ట్ర కార్మిక సంక్షేమ మండలి కార్మికుల పిల్లలకు ఉపకార వేతనాలు ఇస్తుంది. జూన్, డిసెంబర్ నెలల్లో సంక్షేమ నిధికి చందా కట్టిన కార్మికుడికే ఆ హక్కు. పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ హాస్టల్ భత్యాన్ని కార్మికుడి బిడ్డగా పొందాలన్నా నమోదైన కార్మికుడి బిడ్డ అని రుజువు కావాలి. ఇరవై ఏళ్లు సాంచెలు నడిపినా మస్టర్‌లో పేరు లేని కార్మికుడి బిడ్డ ఈ రెండూ కోల్పోతోంది. సేటు మస్టర్‌లో పేరు ఎక్కించకపోవడం వల్ల పీఎఫ్ ఒక్కటే కాదు, పిల్లల ఫీజు కూడా పోతోందని ప్రతి కార్మికుడూ గ్రహించాలి. మస్టర్ కోసం పోరాటం పిల్లల చదువు కోసం పోరాటమే.

అందుకే ప్రతి సాంచె కార్మికుడికీ గుర్తింపు కార్డు ఇవ్వాలనీ, స్కాలర్‌షిప్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైందని కాలేజీలు విద్యార్థుల్ని ముందే ఫీజు కట్టమని వేధించడం ఆపాలనీ, వ్యాలిడిటీ అర్జీలు ప్రవేశాల లోపే తేల్చాలనీ మేము డిమాండ్ చేస్తున్నాం. అప్పు తప్పనిసరైతే వడ్డీవ్యాపారి దగ్గరికి పోకండి. 7 లక్షల 50 వేల వరకు ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకులు విద్యారుణం ఇచ్చే ఏర్పాటు ఉంది.

కార్మిక సోదరులారా, సోదరీమణులారా! ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు యూనియన్ ఆఫీసుకు రండి. మార్కుల కాగితం, ఆదాయ పత్రం, పాత దాఖలాలు వెంట తెచ్చుకోండి. చదువుకున్న మన పిల్లలు కూడా ముందుకొచ్చి, తర్వాతి పిల్లల ఎంపిక పత్రాలు నింపడానికి సాయం చేయాలి. ఒక్కడు నేర్చుకున్నది పదిమందికి పంచడమే సంఘటితమవడం.