దవడకు అండ... ఛాతీ కండ

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ. గడ్డ తీసేశాక ముఖం ఏమవుతుంది? బుగ్గలో, దవడలో పడే ఖాళీని దేనితో పూడుస్తారు? ‘ఛాతీ నుంచి కండ తెచ్చి పెడతాం’ అని సర్జన్ చెబితే చాలామంది హడలిపోతారు. ‘అది పాత పద్ధతట కదా, పెద్ద ఆస్పత్రుల్లో చేతి నుంచో కాలి నుంచో తీసి పెడతారట కదా’ అని అడుగుతారు. కొందరు ఆ తర్జనభర్జనలోనే నెలలు గడిపేస్తారు. గడ్డ మాత్రం ఆగదు.

ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.43 లక్షల మంది కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ల బారిన పడ్డారు. దాదాపు 80 వేల మంది చనిపోయారు. గుట్కా, ఖైనీ, జర్దా ప్రధాన కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు దీనికి తోడు. ఆహార పదార్థాల్లో పొగాకు కలపరాదని 2011లోనే నిబంధన వచ్చింది. అయినా పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పక్కపక్కనే అమ్ముతున్నారు. రోగులేమో గడ్డ ముదిరాకే వస్తున్నారు. కాబట్టి తీసేయాల్సిన భాగమూ పెద్దదే అవుతోంది.

రక్తనాళమే ఆధారం

శరీరం నుంచి పూర్తిగా కోసిన కండను మరోచోట ఊరికే కుట్టేస్తే అది బతకదు. దానికి రక్తం అందాలి. అందుకే కండను దాని రక్తనాళంతో సహా తెస్తారు. దాన్నే ఫ్లాప్ అంటారు.

ఛాతీ ముందు భాగంలో విసనకర్రలా పరుచుకున్న కండరం పెక్టొరాలిస్ మేజర్. దీనికి ప్రధానంగా రక్తం ఇచ్చేది థొరాకో-అక్రోమియల్ ధమని శాఖ. అది చంక ధమని నుంచి పుట్టి, కాలర్ బోన్ కింద నుంచి వచ్చి, కండరం అడుగున సాగుతుంది. ఇవి కాక రొమ్ము ఎముక పక్క నుంచి ఇంటర్నల్ మామరీ ధమని చిన్న శాఖలు కూడా వస్తాయి. ప్రధాన నాళం బాగుంటే ఈ చిన్నవాటిని కోసేసినా కండరం బతుకుతుంది.

సర్జన్ కండరాన్ని, దానిపై కొంత చర్మాన్ని కలిపి పైకి లేపుతారు. నాళం తెగకుండా మెడ చర్మం కింద నుంచి నోటిదాకా తెస్తారు. బొడ్డుతాడు తెగని బిడ్డలా, అది పాత చోటి నుంచే రక్తం తీసుకుంటుంది. తల, మెడ సర్జరీల కోసం ఈ పద్ధతిని 1979లో అమెరికా సర్జన్ స్టీఫెన్ అరియన్ ప్రచురించారు. మెడలో గ్రంథులు తీసేశాక బయటపడే పెద్ద ధమనికి ఈ కండ రక్షణ కవచం కూడా.

గుండెకూ పనికొస్తుంది

బైపాస్ తర్వాత రొమ్ము ఎముక దగ్గర గాయం చీము పట్టి విచ్చుకుంటే, దాన్ని పూడ్చడానికీ ఇదే కండరం వాడతారు. ఒక్కోసారి ప్రధాన నాళాన్ని కోసేసి, ఎముక పక్కనున్న చిన్న శాఖల ఆధారంతో కండరాన్ని లోపలికి మడుస్తారు. అయితే బైపాస్‌కు ఎడమవైపు మామరీ ధమనిని వాడేసి ఉంటే ఆ వైపు అలా మడవడం కుదరదు. కాబట్టి గతంలో బైపాస్ జరిగినా, కాలర్ బోన్ కింద పేస్‌మేకర్ ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పండి.

పాతదైనా పనికిరానిది కాదు

ఇప్పుడు చేయి, తొడ, పిక్క నుంచి కండనో ఎముకనో పూర్తిగా వేరుచేసి, సన్నని నాళాలను మైక్రోస్కోప్ కింద మెడ నాళాలకు కలుపుతున్నారు. ఇది ఫ్రీ ఫ్లాప్. దవడ ముందు ఎముక పోయినవారికి పిక్క ఎముకతో మంచి ఫలితం ఉంటుంది. మాట, మింగడం కూడా చాలామందికి మెరుగ్గా ఉంటాయి. కానీ దానికి శిక్షణ పొందిన బృందం, ఎక్కువ గంటల థియేటర్ సమయం, మొదటి రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి.

ఛాతీ ఫ్లాప్‌కు మైక్రోస్కోప్ అక్కర్లేదు, సమయమూ తక్కువే. లోపాలూ ఉన్నాయి. నోట్లో లావుగా అనిపిస్తుంది. మగవారికి లోపల వెంట్రుకలు రావచ్చు. ఆడవారికి రొమ్ము ఆకారం మారుతుంది. భుజం కొంత బలహీనపడుతుంది.

ఏది చేయాలన్నది గాయాన్నీ, రోగి ఒంటి తీరునూ బట్టి తేలాలి, జేబును బట్టి కాదు. గుండె బలహీనంగా ఉన్న వృద్ధుడికి ఛాతీ ఫ్లాపే మేలు కావచ్చు. దవడ ఎముక పోయిన పాతికేళ్ల యువకుడికి ఫ్రీ ఫ్లాప్ అవసరం కావచ్చు. అది అతడికి ప్రభుత్వ ఆస్పత్రిలోనే దొరకాలి. పథకాల్లో ఆపరేషన్‌కు డబ్బు కేటాయిస్తే సరిపోదు. బోధనాస్పత్రుల్లో మైక్రోసర్జరీ బృందాలను, నర్సులను, థియేటర్ సమయాన్ని కూడా పెంచాలి. అంతవరకు, ఫ్రీ ఫ్లాప్ కోసం నెలలు ఆగడం కంటే ఛాతీ ఫ్లాప్‌తో వెంటనే గడ్డ తీయించుకోవడమే ప్రాణానికి మంచిది.

మీరు చేయాల్సినవి

- ఆపరేషన్ తేదీ ఖరారైన రోజే పొగాకు మానేయండి. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది.
- షుగర్, రక్తహీనత ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోండి.
- ఆపరేషన్ తర్వాత మెడ చుట్టూ బిగుతుగా ఏదీ కట్టవద్దు. ఫ్లాప్ రక్తనాళాలు నొక్కుకుపోతాయి.
- రేడియేషన్ అవసరమన్నారా? ఆరు వారాల్లోపు మొదలయ్యేలా చూసుకోండి.
- డాక్టర్ చెప్పినప్పటి నుంచి భుజం వ్యాయామాలు చేయండి.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, తెల్ల లేదా ఎర్ర మచ్చలు కనిపించినా, నోరు తెరుచుకోవడం తగ్గినా దంతవైద్యుడికో, ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించుకోండి. ఆ దశలోనే దొరికితే చాలామందికి ఛాతీ కండతో పనే పడదు.