పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదా?

గత వేసవిలో మా తమ్ముని కుమారుడు హైదరాబాదు శివార్లలో కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. ఇల్లు సౌకర్యంగా ఉన్నది. ఇంటిముందు తోటను వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. సమంగా కత్తిరించిన పచ్చగడ్డి, దాని అంచున తెల్లని గులకరాళ్ళు, ప్రహరీ పొడవునా కోనోకార్పస్ వరుస, వరండాలో పింగాణీ కుండీలు, వాటిలో తెల్లని మచ్చలున్న వెడల్పాటి ఆకుల మొక్కలు. వాటి పేరేమిటని మావాడిని అడిగాను. "అవన్నీ ప్యాకేజీలో వచ్చాయి పెదనాన్నగారూ, పేర్లు కాంట్రాక్టరుకే తెలియాలి" అని నవ్వాడు.

భోజనాల వేళ ఒక బంధువు కొడుకు, మూడేళ్ళవాడు, ఆ మచ్చల ఆకును తుంచి నమిలాడు. క్షణాలలో పెదవులు ఉబ్బాయి, చొంగ కారసాగింది, పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. పది మంది పెద్దలు ఆ మొక్క చుట్టూ నిలబడ్డారు. అది విషమో కాదో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. అది డైఫెన్‌బేకియా. దాని ఆకులోను కాడలోను కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నని సూదుల వలె ఉంటాయి. నమిలితే నోటి పొరలలో గుచ్చుకుంటాయి. కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణం కూడా ఇటువంటి స్ఫటికాలే. నోరు తుడిచి, చల్లని నీటితో కడిగించి, చల్లని పాలు కొద్దికొద్దిగా త్రాగించాము. వాంతి చేయించబోయిన ఒక పెద్దాయనను ఆపవలసి వచ్చినది. ఇటువంటి సందర్భంలో వాంతి చేయిస్తే గొంతు రెండవసారి గాయపడుతుంది. వాపు గొంతులోకి దిగి ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉన్నందున ఆసుపత్రికి తీసుకువెళ్ళి కొన్ని గంటలు గమనించాము. సాయంత్రానికి పిల్లవాడు కోలుకున్నాడు. నా మనస్సు మాత్రం కుదుటపడలేదు.

నన్ను బాధించినది ఆ మొక్క కాదు. దాని పేరు ఆ ఇంటివారికి తెలియకపోవడం. పాలవాడి పేరు, పనిమనిషి ఊరు, కారు ఇంజను సామర్థ్యం తెలిసిన గృహస్థు తన గుమ్మం ముందు పెరుగుతున్న ప్రాణి పేరు తెలియదని నవ్వుతూ చెప్పాడు. ఇది ఒక్క మావాడి తప్పు కాదు. నేడు వెలుస్తున్న ఇళ్ళలో ఎన్నో తోటల పరిస్థితి ఇదే. ఈ వయస్సులో మొహమాటం నాకు అనవసరం కనుక సూటిగా చెబుతున్నాను: యజమానికి మొక్కల పేర్లు తెలియని తోట అతనిది కాదు. అది అద్దెకు తెచ్చిన పెళ్ళి పందిరి వంటిది.

నా బాల్యం గోదావరి జిల్లాలో గడిచినది. ఆ రోజుల్లో పెరడు చూసి ఇంటివారెవరో చెప్పగలిగేవారము. మా అమ్మ పెరటిలో నూతి గట్టు దగ్గర నీరు పారే చోట అరటి, చేమ ఉండేవి. ఒక్క చుక్క నీరు వృథా కాకూడదన్నది ఆమె స్వభావం. ప్రక్కింటి అవ్వకు రాత్రులు నిద్ర పట్టేది కాదు. ఆమె మంచం వేసుకునే చోటికి దగ్గరగా మల్లెపందిరి వేయించుకున్నది. ఎదురింటి మాస్టారికి కూరపాదుల పిచ్చి. వారి దడి మీద బీర, పైకప్పు మీద సొర, బావి మీది గిలకను కూడా వదలని చిక్కుడు తీగ! ఎవరూ వారికి తోటను 'డిజైన్' చేసి పెట్టలేదు. వారి అవసరం, వారి రుచి, వారి మొండితనం కలిసి తోటగా పెరిగాయి. వ్యక్తిత్వం అంటే అదే కదా!

నేటి తోటలో ఆ వ్యక్తిత్వం ఎందుకు కరువైనది? మొక్కలు దొరకక కాదు. మా కడియం ప్రాంతపు నర్సరీలకు వెళ్ళి చూడండి: పారిజాతం, నందివర్ధనం, సంపెంగ, పనస, కరివేపాకు, దబ్బ, ఏది కావాలంటే అది ఉన్నది. కొరత మన ఊహలో ఉన్నది. ప్రక్కింటివారు ఏది పెడితే అదే పెడతాము. త్వరగా ఎదిగేది, ఆకు రాల్చనిది, పని చెప్పనిది కావాలంటాము. కోనోకార్పస్ ఆ విధంగానే వీధులు దాటి ఇళ్ళలోకి వచ్చినది. పర్యావరణానికి, ఆరోగ్యానికి చేటు అంటూ గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించినది. ఊరిలోని ప్రతి దగ్గుకూ ఆ చెట్టే కారణమని నేను అనను. ఆ మాట అనడానికి తగిన ఆధారం కావాలి. అయితే ఏ జాతి చెట్టునైనా ఊరంతా ఒక్కటే నింపితే, దాని పుప్పొడి పడనివారికి తప్పించుకునే దారి ఉండదు. ఈ మాత్రం ఇంగితానికి పరిశోధన అక్కరలేదు.

ఇక దోమల సంగతి. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మురుగు కాలువల కంటె ఇంటి పరిసరాలలో నిలిచే శుభ్రమైన నీటినే ఎక్కువగా కోరుతుంది. కుండీ క్రింది పళ్ళెం, మనీప్లాంట్ పెట్టిన సీసా, మోటారు పాడైన అలంకార ఫౌంటెను దానికి పురిటి గదులు. గ్రుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం పది రోజులు చాలు. నీరు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. గ్రుడ్లు పాత్ర గోడలకు అంటుకొని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బ్రతుకుతాయి. వారానికొకసారి పాత్రను రుద్ది కడగవలసినదే. 'ఫ్రైడే డ్రైడే' అని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెప్పేది ఇందుకే. తన తోటలోకి తాను వెళ్ళని యజమాని ఆ పళ్ళెం ఎలా చూస్తాడు? తోటమాలి నెలకు రెండుసార్లు వస్తాడు. దోమకు ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది.

ఇంతగా విదేశీ మొక్కలను తిడుతున్నానని కొందరు సంతోషించవచ్చు. తొందరపడవద్దు. మన మొక్కలన్నీ అమృతమే, పరాయివన్నీ విషమే అనే వాదం అంతకంటె ప్రమాదకరం. దేవుడి పూజకు కోసే గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ గుండెకు విషం. పచ్చగన్నేరు గింజలు ఆటలో నోట పెట్టుకున్న పిల్లలను నా ప్రభుత్వోద్యోగ కాలంలో చూశాను. నాడి తగ్గిపోతుంటే రాత్రంతా ప్రక్కన కూర్చున్నాను. ఉమ్మెత్త, గురివింద కూడా మన పొలిమేరలోనివే. మరొక ప్రక్క మనం ప్రతిరోజూ వాడే మిరప, బొప్పాయి, జామ సముద్రం దాటి వచ్చినవే. మొక్క పుట్టుక అడగవద్దు, దాని గుణం అడగండి.

'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అని సామెత. దగ్గర ఉన్నదానికి విలువ ఇవ్వమని వాపోతూ మన పెద్దలు అన్న మాట అది. వైద్యునిగా నేను ఆ సామెతను అక్షరాలా కూడా సమర్థిస్తాను! కరివేపాకు నమిలితే మధుమేహం మాయమవుతుందని, మునగాకు రసంతో రక్తపోటు మాత్రలు మానవచ్చని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి మందులు ఆపినవారు ఎంతటి స్థితిలో ఆసుపత్రికి వస్తారో నాకు తెలుసు. పెరటి చెట్టు మందు కాదు. అది మందు అవసరాన్ని తగ్గించే భోజనం, వ్యాయామం, నీడ. ఈ మూడూ మందుల దుకాణంలో దొరకవు.

లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తోటకూర విత్తనం చల్లిన నాలుగు వారాలకు కోతకు వస్తుంది. బచ్చలి తీగ గోడ మీద ప్రాకుతుంది. ప్రక్కనే ఒక నిమ్మ చెట్టు ఉంటే ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి దాని పులుపు తోడ్పడుతుంది. రక్తహీనత ఉన్నవారు వైద్యుడు వ్రాసిన ఇనుము మాత్రలు మానరాదు. కాని మాత్రల కోర్సు ముగిసిన తరువాత ఆ ఇంటి కంచంలోకి ఏమి వస్తుందన్నదే అసలు ప్రశ్న. వందలాది చదరపు అడుగుల లాన్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. అది మే నెలలో, ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలో, రోజూ నీరు మాత్రం అడుగుతుంది. నీటి బాధ లేదని ప్లాస్టిక్ గడ్డి పరిచేవారూ ఉన్నారు. మిట్టమధ్యాహ్నం దాని మీద చెప్పులు లేకుండా ఒక్క నిమిషం నిలబడి చూడండి, దాని గుణం అరికాళ్ళే చెబుతాయి.

"మాకు సమయం లేదు" అంటారు. వారానికి 150 నిమిషాల శ్రమ కావాలని మేము చెబితే ట్రెడ్‌మిల్ కొనడానికి సమయం దొరికినది. పాదులు తవ్వడం, నీరు మోయడం, కలుపు తీయడం కూడా ఆ లెక్కలోకి వచ్చే శ్రమలే. "మాకు స్థలం లేదు" అంటారు. ఎండ తగిలే బాల్కనీలో నాలుగు కుండీలు చాలు: ఒకటి కరివేపాకు, ఒకటి తోటకూర, ఒకటి మీ అమ్మగారికి ఇష్టమైన పువ్వు, నాలుగవది మీ ఇష్టం. ఆ నాలుగవ కుండీలోనే మీ వ్యక్తిత్వం ఉన్నది. "అందం మాట ఏమిటి?" అంటారు. పందిరి నిండా వ్రేలాడే బీరకాయలు, తెల్లవారి నేల మీద పరుచుకున్న పారిజాతాలు అందం కాదని ఎవరు చెప్పారు? అమ్మజూపినవాడు చెప్పాడా?

తోట వేయదలచినవారు ముందుగా నర్సరీకి వెళ్ళవద్దు. ఇంటిలోనివారిని చూడండి. మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఉంటే, వంగనవసరం లేకుండా నడుము ఎత్తున మడి కట్టించండి. వృద్ధులు నడిచే దారిలో నునుపు గ్రానైటు వద్దు. వానకు జారి తుంటి ఎముక విరిగితే ఆ తరువాతి జీవితం మంచానికే పరిమితం కావచ్చు. గరుకు రాయి వేయండి. పసిపిల్లలు ఉంటే వారి చేతికి అందే ఎత్తులో విషపు మొక్క ఏదీ ఉంచవద్దు. పడమటి ఎండ గోడను కాల్చుతుంటే అటువైపు నీడనిచ్చే చెట్టు నాటండి, పునాదికి తగినంత దూరంలో. ఎవరికి ఏ పూవు, ఏ కూర ఇష్టమో అడగండి. మట్టిలో చేతులు పెట్టేవారు ధనుర్వాతం టీకా పదేళ్ళకొకసారి వేయించుకోండి. ఎండుటాకుల గుట్టలలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. ఇవన్నీ పూర్తయ్యేసరికి మీ తోట మరెవరి తోటనూ పోలి ఉండదు. ప్రత్యేకత కోసం విడిగా వెతకనవసరం లేదు.

ఆ సాయంత్రం మావాడు, "పెదనాన్నగారూ, ఏ మొక్కలు పెట్టాలో మీరే ఒక జాబితా వ్రాసి ఇవ్వండి" అన్నాడు. ఇవ్వలేదు. ఇస్తే అది మరొక ప్యాకేజీ అవుతుంది. "మీ ఆవిడను, మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు" అన్నాను. మొన్న ఫోను చేశాడు. గడ్డిలో సగం తీసివేశారట. వాళ్ళమ్మ, అంటే మా మరదలు, ఆ చోట గోంగూర చల్లిందట. మొలకలకు రోజూ ఉదయం తానే నీరు పోస్తున్నానని చెప్పాడు. చెక్కరను గురించి నేను ఎన్ని ఏళ్ళుగా నడవమన్నా నడవని మనిషి!

పాఠక మిత్రులకు ఒక్క విన్నపం. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకొని మీ ఇంటిలోను, వాకిటిలోను ఉన్న ప్రతి మొక్క పేరు వ్రాయండి. పేరు తెలియని వాటిని తెలుసుకునే వరకు పిల్లలకు అందకుండా ప్రక్కన పెట్టండి. ప్రతి పేరుకు ఎదురుగా అది మీ ఇంటిలో ఎవరి కోసం ఉన్నదో వ్రాయండి. ఆ రెండవ వరుస ఖాళీగా మిగిలితే, మీ తోటను మీరు ఇంకా వేసుకోలేదని అర్థం. తొలకరి పడగానే మొదలుపెట్టండి.