పాఠం ఇంటికి చేరింది, పరీక్ష ఇంకా పట్నంలోనే

సమాచార సాంకేతికత ద్వారా విద్యను విస్తరించే జాతీయ మిషన్‌ను కేంద్ర ప్రభుత్వం 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభించింది. ఆ రోజున అందరి దృష్టీ పది డాలర్ల లాప్‌టాప్ మీదనే నిలిచింది. తీరా చూస్తే అది లాప్‌టాప్ కానే కాదు, సమాచారాన్ని దాచుకునే చిన్న పరికరం మాత్రమే. 2011 అక్టోబరులో ఆర్భాటంగా విడుదలైన ఆకాశ్ టాబ్లెట్ సైతం నిదానపు పనితీరుతో విద్యార్థులను నిరాశపరిచింది. పరికరం చేతికిస్తే చదువు వచ్చినట్లే అన్న భ్రమ పాలకులను చాలాకాలం వదలలేదు.

ఆర్భాటం లేకుండా సాగినది పాఠాల తయారీ. ఐఐటీలు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలసి 2003లో ఎన్‌పీటెల్ పేరిట పాఠాల చిత్రీకరణను చేపట్టాయి. 2017 జులైలో స్వయం వేదిక ప్రారంభమైంది. ఇంటర్నెట్ సరిగా అందని పల్లెల కోసం డిష్ ద్వారా టీవీలోనే పాఠాలు చూపే స్వయంప్రభ చానళ్ళు కూడా అప్పుడే వచ్చాయి. ఇవన్నీ ఉచితమే. అయినా ఇంట్లో టీవీ ఉన్న ఎన్ని కుటుంబాలకు ఈ సంగతి తెలుసునన్నది సందేహమే.

సరిహద్దు తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. తమిళనాడు 2006లో చేసిన చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. ఇంట తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు నడుమ నలిగే హోసూరు ప్రాంతపు విద్యార్థికి ఎన్‌పీటెల్ పాఠాల్లో కొన్నింటికి తెలుగు అనువాద పాఠ్యం లభించడం చిన్న మేలు కాదు. తరగతిలో అర్థం కాని విషయాన్ని మాతృభాషలో మరల చదువుకోవచ్చు. ఏ రాష్ట్రం వాడివని అడిగేవారు లేరు.

అయితే చిక్కు ఇక్కడే ఉన్నది. తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరాలు రాని తరం సరిహద్దు గ్రామాల్లో పెరుగుతున్నది. వారికి తెలుగు అక్షరాల్లో ఉన్న పాఠ్యం అక్కరకు రాదు, చెవికి వినిపించే తెలుగు కావాలి. అనువాద ప్రణాళికలు రచించేవారు రాష్ట్రానికొక భాష అని లెక్కవేసుకుంటారే తప్ప, భాష ఒకటి, బడి లిపి మరొకటి అయిన ఇళ్ళను తలపోసినట్లు కనిపించదు.

పాఠం విన్నంత మాత్రాన పట్టా రాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం ద్వారా చదివేందుకు 2016లో అనుమతించింది, 2021లో దానిని 40 శాతానికి పెంచింది. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఏ కోర్సుకు క్రెడిట్లు ఇవ్వాలో ఆయా విశ్వవిద్యాలయాలే నిర్ణయించుకుంటాయి. కళాశాల ఒప్పుకోకపోతే పిల్లవాడి శ్రమకు మిగిలేది ధ్రువపత్రం ఒక్కటే.

ఎన్‌పీటెల్ కోర్సుల్లో వారంవారం ఇచ్చే అభ్యాసాలకు 25 మార్కులైతే, తుది పరీక్షకు 75. ఆ పరీక్షకు రుసుము చెల్లించాలి, నిర్ణీత కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి. కేంద్రాలు పట్టణాల్లోనే ఉంటాయి గనుక పల్లె వారికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే కూలి అదనం. ఆడపిల్ల అయితే తోడు వెళ్ళే వారి ఖర్చు కూడా. పాఠానికి లేని దూరం పరీక్షకు మిగిలిపోయింది. తాలూకా కేంద్రాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల కంప్యూటరు గదులను పరీక్షా కేంద్రాలుగా మలచడం అసాధ్యమేమీ కాదు.

కుటుంబాలు ఎరుగవలసిన మాట మరొకటి ఉంది. స్వయం కోర్సులో చేరిన తన విద్యార్థులకు కంప్యూటరు, గ్రంథాలయం, ప్రయోగశాల సదుపాయాలను మాతృ కళాశాలే ఉచితంగా కల్పించాలని, మార్గదర్శకుడిగా ఒక అధ్యాపకుడిని నియమించాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. కోర్సులో చేరకముందే ఆ అధ్యాపకుడెవరో కనుక్కొని, క్రెడిట్లు కలుపుతారా లేదా అన్నది కళాశాల నుంచి కాగితం మీద రాయించుకోవడం ఉత్తమం. పరీక్ష రుసుము కట్టే ముందు దగ్గరి కేంద్రం ఏ ఊరిలో ఉన్నదో కూడా చూసుకోవాలి.