ఇమ్యూనిటీ డబ్బాలూ మన జీతాలూ

జీతాల వారం వస్తే చాలు, మిల్లు గేట్ల దగ్గరికి బట్టల మూటవాడి కంటే ముందు మందుల సంచివాడు వస్తున్నాడు. బాగేపల్లి సంతలో, చింతామణి బస్టాండు పక్కన, చిక్కబళ్ళాపురం మెడికల్ షాపుల అద్దాల బీరువాల్లో అదే సరుకు. ప్రోటీన్ పొడి, విటమిన్ బిళ్ళలు, ఏవో ఆకుల రసాలు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి 'ఇమ్యూనిటీ' అనే మాట ఇంగ్లీషు రాని వారికి కూడా నోటికి వచ్చేసింది. ఎవరి జీతం వారిది, ఎవరి ఒళ్ళు వారిది, ఇందులో యూనియన్‌కు ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని ఉన్నది. ఈ సరుకు అమ్మేవారు తమకు తప్పనిసరిగా దొరికే గిరాకీ ఒకటి కనిపెట్టారు. ఆ గిరాకీ హెచ్‌ఐవి ఉన్న మన కార్మిక సోదర సోదరీమణులు.

మా దృష్టికి వచ్చిన ఒక విషయం చెబుతాము. పేరు చెప్పము, మిల్లు చెప్పము. వైండింగ్‌లో పనిచేసే ఒక సోదరి ఏళ్ళ తరబడి ప్రభుత్వ ఆసుపత్రి బిళ్ళలు వేసుకుంటున్నది. రక్తంలో క్రిమి కనిపించనంత తగ్గిందని రిపోర్టు వచ్చింది. అయితే సీడీ4 లెక్క మాత్రం రెండు వందల చిల్లర దగ్గరే నిలిచిపోయింది. ఆమె దిగులంతా ఆ అంకె మీదనే. ఆ దిగులు కనిపెట్టినవాడొకడు, ఇంగ్లీషు మందు వేడి చేస్తుందమ్మా, మూడు నెలలు అది ఆపి ఈ పొడి తాగు, లెక్క దానంతటదే పెరుగుతుందని చెప్పాడు. చీటీ పాడిన డబ్బు అందులో పోయింది. డబ్బు పోతే పోయింది, నలభై రోజులు బిళ్ళ ఆగింది. ఆసుపత్రి కౌన్సిలరమ్మ పట్టుబట్టి మళ్ళీ మొదలుపెట్టించబట్టి సరిపోయింది.

ఈ విషయం మనం కొంచెం వివరంగా తెలుసుకోవాలి. హెచ్‌ఐవి క్రిమి మన రక్తంలోని సీడీ4 అనే కణాల్లో దూరి, అక్కడే పెరిగి, ఆ కణాలనే చంపుతుంది. ఈ కణాలు ఒంటికి కాపలాదారులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కంటే తగ్గితే మామూలు మనిషిని ఏమీ చేయలేని రోగాలు కూడా మీద పడతాయి. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే, దారం పదే పదే తెగుతూ ఉంటే ఎంత దూది పోసినా కండె నిండదు. ముందు తెగడం ఆగాలి. ఆ తెగడాన్ని ఆపేది ఏఆర్‌టీ బిళ్ళ ఒక్కటే. అది క్రిమి పెరుగుదలను ఆపితే, కాపలాదారులను తయారు చేసుకునే పని ఒళ్ళు తానే చేసుకుంటుంది. మొదటి కొన్ని నెలల్లో లెక్క త్వరగా పెరుగుతుంది, తర్వాత ఏళ్ళ మీద మెల్లగా పెరుగుతుంది. బాగా ఆలస్యంగా, లెక్క బాగా పడిపోయిన తర్వాత మందు మొదలుపెట్టిన వారిలో కొందరికి క్రిమి అణిగినా లెక్క తక్కువగానే ఉండిపోతుంది. అలాంటి వారికి డాక్టర్లు కోట్రైమాక్సజోల్ బిళ్ళ ఇచ్చి, టీబీ రాకుండా మందు ఇచ్చి కాపాడుతూ వస్తారు. ఆ లెక్కను నమ్మకంగా పెంచగలదని రుజువైన పొడి గానీ క్యాప్సూల్ గానీ ఇంతవరకు లేదు. ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఇచ్చేవారు.

విటమిన్లు బొత్తిగా పనికిరావని మేము అనడం లేదు. టాంజానియా దేశంలో దార్ ఎస్ సలామ్ నగరంలో 1995లో మొదలైన ఒక పరిశోధనలో హెచ్‌ఐవి ఉన్న 1,078 మంది గర్భిణీ స్త్రీలను తీసుకున్నారు. కొందరికి బి, సి, ఇ విటమిన్లు ఎక్కువ మోతాదులో ఇస్తే వారిలో జబ్బు ముదరడం కొంత నెమ్మదించింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. అయితే ఆ రోజుల్లో ఆ స్త్రీలకు ఏఆర్‌టీ అందలేదు. మందు లేని చోట ఏ చిన్న ఊతమైనా ఊతమే. అదే నగరంలో తర్వాత, ఏఆర్‌టీ మొదలుపెట్టిన 3,418 మంది మీద ఎక్కువ మోతాదు విటమిన్లను పరీక్షించారు. మామూలు మోతాదు కంటే ఏ మేలూ కనబడలేదు. పైగా కాలేయానికి ఇబ్బంది సూచించే ఒక లెక్క పెరగడంతో పరీక్షను మధ్యలోనే ఆపివేశారు. ఇది 2012లో బయటికి వచ్చింది. డబ్బాలు అమ్మేవారు మొదటి పరిశోధన పేరు చెబుతారు, రెండోది చెప్పరు.

దక్షిణాఫ్రికాలో ఇదే జరిగింది, దేశమంత పెద్దగా జరిగింది. మథియాస్ రాత్ అనే జర్మనీ విటమిన్ల వ్యాపారి కేప్‌టౌన్ పక్కనున్న ఖయేలిత్సా అనే పేదల బస్తీలో తన మాత్రలు పంచాడు, ఏఆర్‌టీ విషమని ప్రచారం చేశాడు. ఆ దేశపు ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయలు తినమని చెబుతూ వచ్చారు. 2006లో టొరంటోలో జరిగిన ప్రపంచ ఎయిడ్స్ మహాసభలో దక్షిణాఫ్రికా స్టాల్లో వాటినే పేర్చి పెట్టారు. ఏఆర్‌టీని సకాలంలో ఇవ్వకపోవడం వల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. దానికి ఎదురు నిలబడింది ఎవరు? ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే రోగుల సంఘం, దానికి తోడుగా కొసాటు అనే ఆ దేశపు పెద్ద కార్మిక సంఘాల సమాఖ్య. వీధుల్లో నడిచారు, కోర్టులకు వెళ్ళారు. రాత్ జరిపిన ప్రయోగాలు చట్టవిరుద్ధమని 2008లో కేప్ హైకోర్టు తీర్పు చెప్పింది. మందు విషయం కార్మిక సంఘానికి సంబంధించినది కాదనేవారికి అక్కడి కార్మికుల జవాబు ఇది.

మన దేశంలో మందు ఉన్నది. ఒకప్పుడు ఒక మనిషికి ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా అయ్యే మందును 350 డాలర్లకు ఇస్తామని 2001 ఫిబ్రవరిలో సిప్లా ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, హెచ్‌ఐవి అని తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువ మందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే బిళ్ళ, రోజుకు ఒకటి. ఇంత పోరాడితే వచ్చిన మందు ఊరికే దొరుకుతుంది గనుక దానికి విలువ లేదనుకుని, రెండు రోజుల కూలి పెట్టి కొన్న డబ్బాకు విలువ ఉన్నదనుకోవడం మనలో ఉన్న పాత జబ్బు.

డబ్బా దండగ అయితే అంతటితో పోయేది. కొన్ని డబ్బాలు బిళ్ళకే అడ్డు తగులుతాయి. ఈ భాగం చదవని వారికి చదివి వినిపించండి. డోలుటెగ్రావిర్ మందును కాల్షియం, ఐరన్, మెగ్నీషియం, జింకు పట్టుకుంటాయి. అప్పుడు అది రక్తంలోకి పూర్తిగా ఎక్కదు. 'బలానికి' అమ్మే బిళ్ళల్లో ఉండేవి ఇవే. కాన్పు తర్వాత, రక్తం తక్కువైనప్పుడు మన అక్కచెల్లెళ్ళకు ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఉండేది ఐరనే. దానిని మానమని మేము చెప్పడం లేదు, రక్తహీనతకు అది కావలసిందే. పద్ధతి ఏమిటంటే, ఐరన్ గానీ కాల్షియం గానీ వేసుకునేవారు అన్నంతో పాటు రెండు బిళ్ళలూ కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే ఏఆర్‌టీ బిళ్ళ వేసుకున్న రెండు గంటల తర్వాతనే రెండోది. ముందే ఐరన్ వేసుకుని ఉంటే ఆరు గంటలు ఆగాలి. కడుపులో మంటకు చప్పరించే బిళ్ళ, తాగే గులాబీ రంగు మందు సంగతి ఇంకొంచెం గట్టిది. వాటికి అన్నంతో సంబంధం లేదు, ఎప్పుడైనా ఆ రెండు గంటలు, ఆరు గంటల ఎడం పాటించాలి. నైట్ షిఫ్టులో టీ మీద టీ తాగి మంటకు ఆ బిళ్ళలు నమిలేవారు మనలో చాలామంది. డాక్టరు దగ్గర ఏది వేసుకుంటున్నా దాచవద్దు. పేరు తెలియకపోతే డబ్బానే పట్టుకు వెళ్ళండి.

పేరు ఊరు లేని పొడులు, భస్మాల ప్రమాదం వేరు. టెనోఫోవిర్ వేసుకునేవారికి మూత్రపిండాలను డాక్టర్లు కనిపెట్టి ఉంటారు. అందులో ఏ లోహం కలిసిందో తెలియని పొడిని ఆ మూత్రపిండాల మీద వేయడం తెలివైన పని కాదు.

ఇంకొక మాట. దూది దుమ్ములో పనిచేసేవారికి దగ్గు మామూలే అని మనకు మనమే చెప్పుకుంటాము. హెచ్‌ఐవి ఉన్నవారు అలా అనుకోకూడదు. వారిని చంపే జబ్బుల్లో ముందున్నది టీబీ. దగ్గు ఎన్నాళ్ళదైనా సరే, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఏది కనబడినా టానిక్ సీసా కొనకుండా టీబీ పరీక్షకు వెళ్ళాలి. టీబీ అని తేలితే మందు ఉచితం. తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1000 రూపాయలు వస్తాయి. 2018లో 500తో మొదలైన దానిని 2024 నవంబరు నుంచి పెంచారు.

మరి తిండి? తిండి కావాలి, మామూలు కంటే కొంచెం ఎక్కువే కావాలి. హెచ్‌ఐవి ఉండి ఏ లక్షణాలూ లేనివారికి కూడా పది శాతం శక్తి అదనంగా కావాలని, జబ్బు చేసినప్పుడు ఇరవై ముప్పై శాతం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది మన సీమలో డబ్బాలో వెతకవలసిన వస్తువు కాదు. రాగి సంగటిలో ఉన్నంత కాల్షియం బియ్యంలో లేదు. ఉలవల్లో, శెనక్కాయల్లో వంద గ్రాములకు ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు. అనపకాయల కాలంలో అనప గింజల చారు, మిగిలిన కాలంలో మునగాకు, ఏదో ఒక ఆకుకూర. ఒక ప్రోటీన్ డబ్బా ఖరీదుకు ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడా గుడ్లు కాకపోయినా శెనక్కాయలు వస్తాయి. అయినా తినండి అని చెప్పడం తేలిక, ఎనిమిది గంటలు నిలబడి వచ్చి వండుకునేవారికే తెలుసు ఆ కష్టం. అందుకే క్యాంటీనులో గుడ్డు, పప్పు ఉండాలన్న డిమాండును మేము జీతాల డిమాండు పక్కనే పెడుతున్నాము.

డబ్బా కొనేముందు దానిమీద చిన్న అక్షరాలు చూడండి. బోర్డులు కన్నడంలో, డబ్బా ఇంగ్లీషులో, అమ్మేవాడి మాటలు తెలుగులో. మన ప్రాంతంలో మోసానికి ఇదొక సౌకర్యం. ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మీద 'ఔషధంగా వాడటానికి కాదు' అని ఇంగ్లీషులో అచ్చువేయాలి. బడికి వెళ్ళే పిల్లల చేత చదివించండి. మందుల నిబంధనల్లో 'జె' షెడ్యూలు అని ఒకటి ఉన్నది, నయం చేస్తానని చెప్పుకోకూడని జబ్బుల పట్టిక. అందులో మొట్టమొదటి పేరు ఎయిడ్స్. హెచ్. నరసింహయ్యగారు మన గౌరిబిదనూరు పక్క హోసూరు మనిషి. 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా మహిమలను పరీక్షించే కమిటీ వేసినవారు. అంతటి మనిషి పుట్టిన జిల్లాలో ఒక డబ్బాను ప్రశ్నించడానికి మనకు మొహమాటం ఎందుకు?

డబ్బావాడి దగ్గరికి మనవాళ్ళు పోవడానికి అజ్ఞానం ఒక్కటే కారణమని మేము అనుకోవడం లేదు. వాడు రహస్యంగా ఇస్తాడు, లైనులో నిలబెట్టడు, సెలవు అడగవలసిన పని లేదు. ఏఆర్‌టీ కేంద్రానికి పోవాలంటే పగటి షిఫ్టు పోతుంది, సూపర్‌వైజరు 'ఎందుకు' అని అడుగుతాడు. కనుక యాజమాన్యాలను మేము అడిగేది ఇది: ఆసుపత్రికి వెళ్ళే రోజుకు కారణం చెప్పకుండా సెలవు ఇవ్వాలి. హెచ్‌ఐవి ఉన్నదన్న కారణంతో పని నుంచి తీయడం, ఉద్యోగం ఇవ్వడానికి ముందు ఆ పరీక్ష అడగడం 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్నది. వంద మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల అధికారి ఉండాలని అదే చట్టం చెబుతున్నది. మీ మిల్లులో ఆ అధికారి ఎవరో అడిగి చూడండి. జవాబు రాకపోతే మాకు రాయండి.

నిలకడగా ఉన్నవారికి మూడు నెలల బిళ్ళలు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉన్నది, కేంద్రంలో అడగండి. పరీక్షకూ సలహాకూ తాలూకా ఆసుపత్రుల్లోని ఐసీటీసీ గదులకు వెళ్ళవచ్చు. ఫోను మీద అయితే 1097, డబ్బు పడదు. యూనియన్ ఆఫీసుకు వచ్చేవారు పేరు రాయనక్కరలేదు, జబ్బు పేరు కూడా చెప్పనక్కరలేదు. 'డబ్బా విషయం' అంటే చాలు, లోపలి గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాము.