కార్జం ఏ చార్టులో ఉంది?

మా వాడ బిడ్డ ఒకతి ఇంటర్ బైపిసి పాసైంది. నర్సింగు సీటు రాలేదు. "సార్, బి.ఎస్సి. న్యూట్రిషన్‌ల చేరమంటరా?" అని అడిగింది. వాళ్లమ్మ నవ్వింది. "కూడొండుడు నేర్వనీకి కాలేజికి పోవాల్నా సారూ?"

ఇది వంట చదువు కాదు తల్లీ. జీవరసాయనం, శరీర ధర్మశాస్త్రం, సూక్ష్మజీవులు, రోగికి పథ్యం, ఊరి జనం తిండిని లెక్కగట్టే సర్వే, ఇవన్నీ చదవాలి. తిన్న తిండి ఒంట్లో ఏమైతదో, తినకపోతే ఏమైతదో చెప్పే శాస్త్రం ఇది. రెండోది మనకు వేరే చెప్పక్కర లేదనుకోండి!

అసలు ఈ శాస్త్రం పేదల ఒంటి మీదనే పెరిగింది. 1918లో కూనూరులో బెరిబెరి రోగం సంగతి తేల్చడానికి ఒక గదిలో మొదలైన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకొచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. జొన్నల మీదనే బతికే దక్కను పేదలకు పెల్లాగ్రా వచ్చేది. మెడ, చేతులు నల్లబడి పగిలి, విరేచనాలు పట్టి, చివరికి మతి చెదిరే రోగమది. దాని మీద సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో రాసిన వ్యాసం దేశాలు దాటి పోయింది. గోపాలన్ పెద్ద శాస్త్రవేత్త, ఆయన మీద మనకు ఫిర్యాదు లేదు. రోగులను ఇచ్చిన వాడల నుంచి ఆ ల్యాబుల్లోకి ఎందరు పోయారన్నదే మన ప్రశ్న.

నిరుడు మా చెల్లెలికి రక్తం తక్కువైతే పట్నంలో ఒక ఆసుపత్రికి పోయింది. డైటీషియన్ కాగితం రాసిచ్చింది. ఆపిల్, దానిమ్మ, బాదం, పాలకూర. ఏం తింటున్నవమ్మా అని ఒక్క మాట అడగలేదు. కూలి పైసలతో బాదం ఎవరు కొంటరు? చెల్లె పెద్దకూర పేరెత్తబోయి నోరు మూసుకున్నదట. నూరు గ్రాముల ఆపిల్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. కార్జంలో దానికి ఎన్నో రెట్లు. మాంసంలోని ఇనుమును ఒళ్లు ఆకుకూర ఇనుముకన్న బాగా పట్టుకుంటది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన ఆహార పట్టికల్లో పెద్దకూర ఉంది, కార్జం ఉంది, బోటి ఉంది. శాస్త్రం దాచలేదు. దాచింది ఆ కాగితం రాసిన చెయ్యి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రలో 58.8 మందికి రక్తహీనత. వీళ్లకు కాగితాలు రాసే కుర్చీలో మన బిడ్డ కూర్చుంటే, ముందు ఇంట్లో ఏమొండుకున్నరో అడుగుతది.

బంగారు బాట అని చెప్పను. పెద్ద ఆసుపత్రుల్లో డైటీషియన్ కావాలంటే ఎం.ఎస్సి. దాకా చదవాలి. ప్రైవేటు కాలేజీల ఫీజులు వేరే గండం. అయినా అంగన్‌వాడీ సూపర్‌వైజర్ వంటి ఉద్యోగాలకు ఈ డిగ్రీ అక్కరకొస్తది.

తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో నింపుతారు. కార్యకర్తలు మీ వాడలో బైపిసి పాసైన పిల్లల పేర్లు రాసుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించండి. ఫోను లేని ఇంటి పిల్ల దరఖాస్తు సంఘం ఫోన్లో నింపండి. ఆ తల్లి బిడ్డ దరఖాస్తు నేనే దగ్గర కూర్చొని నింపుతున్న.