గడియ పెట్టని తలుపు

ఆదివారం రాత్రి లెస్టర్ నుంచి అక్క వీడియో కాల్ చేసింది. పెద్దమ్మ కూతురు, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటోంది. ‘‘ఒరేయ్, నీ మేనల్లుడు ఫారం నింపాడు, ఒక్కసారి చూడు. నా మాట వినట్లేదు’’ అంది. పత్రికలో రాసేవాడికి ప్రపంచంలోని ఏ ఫారమైనా వచ్చేస్తుందని మా ఇంట్లో ఒక గుడ్డి నమ్మకం.

వాడికి ఈమధ్యే 16 నిండాయి. ఏడో ఏట నుంచి ఫిట్స్. మందులు చాలాసార్లు మార్చారు. ఇప్పుడు రెండు రకాల మాత్రలు కలిపి వేసుకుంటున్నా నెలకు నాలుగైదుసార్లు పడిపోతాడు. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మావాడు ఆ 70లో లేడు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లలకు డీఎల్ఏ అని ఒక భత్యం ఉంటుంది. పూర్తి పేరు డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్. ఆ ఫారం అమ్మానాన్నలు రాస్తారు. అదే వయసు పిల్లలతో పోలిస్తే వీడిని ఎంత ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలన్నదే అందులో లెక్క. 16 నిండాక పిప్, అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కి మారాలి. (స్కాట్లండ్ పద్ధతి వేరు.) ఇక్కడ పాయింట్లు వేస్తారు. వంట, స్నానం, మందులు లాంటి పది రోజువారీ పనులు చూస్తారు. 8 పాయింట్లు వస్తే స్టాండర్డ్ రేటు, 12 వస్తే పెద్ద రేటు. స్టాండర్డ్ అంటే 2025-26లో వారానికి 73.90 పౌండ్లు. బయట తిరగడానికి పాయింట్లు వేరుగా లెక్కేస్తారు, వీటిలో కలవవు.

అసలు మార్పు ఇంకోటి ఉంది. 16 దాటితే ఆ ఫారం పిల్లాడిదే. అమ్మ నింపి సంతకం పెట్టాలంటే ఆమెను అపాయింటీగా ఒప్పుకోవాలి. వీడు ‘‘నాది నేనే రాసుకుంటా’’ అన్నాడు.

రాశాడు కూడా. వంట చేయగలవా? చేయగలను. స్నానం? చేయగలను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆమ్లెట్ నాకంటే బాగా వేస్తాడు. ఫిట్స్ రాని రోజు వాడు అందరిలాంటి కుర్రాడే. పదహారేళ్లకు ‘నాకు చేతకాదు’ అని ప్రతి పేజీలో ఎవరు రాసుకుంటారు చెప్పండి?

కానీ ఆ చట్టం అడిగేది ‘చేయగలవా’ అని మాత్రమే కాదు, ‘ప్రమాదం లేకుండా చేయగలవా’ అని. దీని మీద అక్కడ పెద్ద గొడవే నడిచింది. పని చేసేటప్పుడు హాని జరిగే అవకాశం సగానికి మించి ఉంటేనే ప్రమాదంగా లెక్కేస్తామని ప్రభుత్వ శాఖ వాదించింది. 2017 మార్చిలో అప్పర్ ట్రిబ్యునల్ ఆ వాదన కాదంది. ఆ కేసులో ఇద్దరు మూర్ఛ ఉన్నవాళ్లే. హాని ఎన్నిసార్లు జరుగుతుందో ఒక్కటే చూస్తే సరిపోదు, జరిగితే ఎంత ఘోరంగా ఉంటుందో కూడా చూడాలంది. మామూలుగా సగానికి పైగా రోజులు ఇబ్బంది ఉండాలన్నది పిప్ రూలు. మరి ఫిట్స్ నెలకు ఐదుసార్లే వస్తే? ఏ రోజు వస్తుందో తెలీదు కాబట్టి పొయ్యి దగ్గర ప్రమాదం రోజూ ఉన్నట్టే. అదే ఏడాది నవంబర్‌లో ప్రభుత్వం ఆ తీర్పుకు తగ్గట్టు పద్ధతి మార్చుకుంది.

ఇదంతా చెప్తే మావాడు మెత్తబడ్డాడు. ముగ్గురం కూర్చుని లెక్కేశాం. వంట దగ్గర మనిషి ఉండాలి, 4. స్నానానికి ఒకరు కనిపెట్టి ఉండాలి, 2. మందుల విషయంలో 1. మొత్తం 7. ఒక్క పాయింట్ తక్కువ!

ఒక ప్రశ్న మాత్రం ఖాళీగా వదిలేశాడు. టాయిలెట్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలా? దానికి 2.

‘‘మామా, అది స్కిప్ చేయొచ్చా? ఎవరో తెలియనివాళ్లు చదువుతారు కదా.’’

వాడికి తొమ్మిదేళ్లున్నప్పుడు లోపల పడిపోయి తల పగిలింది. అప్పుడే వాళ్లింట్లో బాత్రూం తలుపు గడియ పీకేశారు. ఇప్పటికీ అక్క బయట నిలబడి ‘‘అయిందా నాన్నా’’ అంటూ ఉంటుంది. ఫ్రెండ్స్ ఇంటికొస్తే వాళ్లు వెళ్లేదాకా ఆపుకుంటాడట. ఇది నాకు ఆ రాత్రే తెలిసింది.

ఖమ్మంలో పెద్దమ్మకేమో ఇదంతా విసుగు. ‘‘ఇక్కడికి తీసుకొచ్చేయండి, మన దగ్గర మాత్రం పింఛను ఇవ్వట్లేదా’’ అంటుంది. ఇస్తున్నారు, దివ్యాంగులకు తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. కానీ దానికి 40 శాతం సర్టిఫికెట్ కావాలి. 2016 చట్టం జాబితాలో ఉన్నవి 21 వైకల్యాలు. నాడీ జబ్బుల కింద మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి. మూర్ఛ పేరు లేదు. ఇక్కడ వాడికి ఆ ఒక్క పాయింట్ గొడవ కూడా ఉండదు, ఎందుకంటే నింపడానికి ఆ గడే లేదు.

వాడికి నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. సిగ్గుపడొద్దు అనడం తేలిక, ఆ పేజీ నాది కాదుగా. ఫోన్‌లో ఫిట్స్ వచ్చిన తేదీలు, అక్క తీసిన వీడియోలు ఉన్నాయి, ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి జతచేయమన్నాను. ఫారం పంపడానికి నెల రోజులే గడువు. గడువులోగా పంపితే నిర్ణయం వచ్చేదాకా పాత డబ్బు ఆగదని కూడా చెప్పాను. అక్కకు కాస్త ఊపిరి ఆడింది.

మంగళవారం అక్క మెసేజ్ పెట్టింది. ఆ ఖాళీలో రెండు లైన్లు రాశాడట. ఏం రాశాడో తనకు చూపించలేదట, కవరు తనే అంటించాడట.